పేరు వ్రాయని ఛాయాచిత్రం



తెలంగాణ సాయుధ పోరాటమనగానే తుపాకులు పట్టిన స్త్రీల ఛాయాచిత్రమొకటి మన కన్నులకు కట్టుతుంది. అది సునీల్ జానా పేరిట ప్రచారంలో ఉన్నది. ఆయన మొదట పత్రికా ఛాయాగ్రాహకుడు కాడు. కలకత్తాలో ఆంగ్లసాహిత్య విద్యార్థి, సరదాగా కెమెరా పట్టినవాడు. 1943 వంగ క్షామవేళ కమ్యూనిస్టు నాయకుడు పి.సి. జోషి పిలువగా చదువు విడిచి, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తో కలిసి ఆకలి పల్లెలకు వెళ్ళాడు. ఆ చిత్రాలు 'పీపుల్స్ వార్' పత్రికలో అచ్చయ్యాయి. సరదా సాక్ష్యమైంది.

1946 జూలై 4న, నాటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1951 వరకు సాగిన ఆ పోరులో తుపాకి పట్టిన వనితలలో, 2022లో కన్నుమూసిన మల్లు స్వరాజ్యం గారి పేరు మనకు తెలుసు. తక్కినవారి మాటేమిటి?

ఒకనాడు తరగతిలో ఈ చిత్రం చూపినప్పుడు, "వీళ్ళ పేర్లేంది సారూ?" అని ఒక బాలిక అడిగింది. తెలుగు పండితుణ్ణి, మాట దొరకక నిలబడిపోయాను.

ఛాయాచిత్రం ముఖాన్ని భద్రపరుస్తుంది, పేరును భద్రపరచదు. నేడు అందరి చేతా కెమెరా ఉన్నది. మిత్రులారా, ఊరిలో ఏ సంఘటనను చిత్రించినా పేరు, ఊరు, తేదీ వ్రాసి ఉంచండి. రేపటి బాలికకు ఎవరో ఒకరు బదులు చెప్పాలి కదా!