విజ్ఞానశాస్త్ర వ్యాసాల నాణ్యతా సమీక్ష (తెలుగు వికీపీడియా)

స్వచ్ఛంద రచయితలు సమష్టిగా వ్రాసే విజ్ఞాన సర్వస్వంలో ఒక శాస్త్ర వ్యాసం ఎంతవరకు నమ్మదగినదో, పాఠకులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి, లోపాలను సవరించడాన్ని నాణ్యతా సమీక్ష అంటారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో ప్రారంభమైనది. ఇందులో ఎవరైనా వ్రాయవచ్చును, ఎవరైనా దిద్దవచ్చును. కాబట్టి ఇక్కడ సమీక్ష ప్రచురణకు ముందు కాక, ప్రచురణ తరువాత జరుగుతుంది. పల్నాడులో విస్తారంగా లభించే సున్నపురాయిని ఉదాహరణగా తీసుకుని ఈ పద్ధతి క్రింద వివరించబడినది.

నేపథ్యం

కొమర్రాజు లక్ష్మణరావు (1877-1923) ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును సంకలనం చేసినపుడు వ్యాసాల బాగోగులకు సంపాదకుడే బాధ్యుడు. అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో అటువంటి ఒక్క సంపాదకుడు ఉండడు. ఆ బాధ్యత రచయితలకూ పాఠకులకూ పంచబడి ఉంటుంది.

ఈ పద్ధతి ఎంత నమ్మదగినదన్న ప్రశ్నపై 2005 డిసెంబరులో నేచర్ పత్రిక ఒక పరిశీలన ప్రచురించినది. అందులో ఆంగ్ల వికీపీడియా, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలలోని 42 జతల శాస్త్ర వ్యాసాలను నిపుణులు పోల్చి చూశారు. ఏ వ్యాసం దేనిలోదో వారికి తెలియనివ్వలేదు. తీవ్రమైన తప్పులు రెండింటిలోనూ నాలుగేసి బయటపడ్డాయి. చిన్న పొరపాట్లు, లోపాలు వికీపీడియాలో 162, బ్రిటానికాలో 123 కనిపించాయి. 2006లో బ్రిటానికా ఈ పరిశీలనను ఖండించగా, నేచర్ తన ఫలితాలను సమర్థించుకున్నది. ఈ అంకెలు ఎందరో దిద్దేవారున్న ఆంగ్ల వ్యాసాలకు చెందినవి. వీటిని చూపి తెలుగు వ్యాసాలు కూడా అంతే నమ్మదగినవని అనుకోరాదు.

పరిశీలించవలసిన అంశాలు

* ఖచ్చితత్వం: నిర్వచనాలు, అంకెలు, ప్రమాణాలు సరిగా ఉన్నాయా?
* మూలాలు: చెప్పిన విషయాన్ని పాఠకుడు వేరొకచోట సరిచూసుకోవడానికి వీలున్నదా? చూపిన గ్రంథంలో ఆ విషయం నిజంగా ఉన్నదా?
* పరిభాష: ఒక భావనకు వ్యాసమంతటా ఒకే పదం వాడారా?
* సమగ్రత: ముఖ్యమైన విషయం ఏదైనా విడిచిపెట్టారా?
* తటస్థత: శాస్త్రవేత్తలలో భిన్నాభిప్రాయాలున్నచోట వాటిని తెలియజేశారా?
* తాజాదనం: వ్రాసిన నాటికి సరియైన విషయం నేటికీ సరియైనదేనా?

వ్యాసం పొడవు, బొమ్మల సంఖ్య నాణ్యతకు కొలమానాలు కావు. మూలాలతో ఉన్న పది వాక్యాల వ్యాసం, మూలాలు లేని పది పుటల వ్యాసం కంటే విద్యార్థికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఉదాహరణ: సున్నపురాయి

పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు, మాచర్ల సిమెంటు పరిశ్రమకు ముడిసరుకు ఈ ప్రాంతపు సున్నపురాయియే. దీనిపై వ్రాసిన వ్యాసాన్ని సమీక్షించేటపుడు మొదట చూడవలసినది "సున్నం" అన్న మాట వాడుక. వ్యవహారంలో ఈ ఒక్క మాటకు వేర్వేరు పదార్థాలు అర్థాలుగా ఉన్నాయి.

సున్నపురాయిలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేటు. దానిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చగా కార్బన్ డయాక్సైడు వెలువడి పొడి సున్నం, అనగా కాల్షియం ఆక్సైడు మిగులుతుంది. పొడి సున్నానికి నీరు కలిపితే తడి సున్నం, అనగా కాల్షియం హైడ్రాక్సైడు ఏర్పడుతుంది. వ్యాసంలో వట్టి "సున్నం" అని మాత్రమే ఉంటే పాఠకునికి ఏది చెబుతున్నారో తెలియదు.

అంకెలను లెక్కకట్టి సరిచూడవచ్చును. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బొనేటు నుండి 56 కిలోల పొడి సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తాయి. ఆ 56 కిలోలకు 18 కిలోల నీరు చేరితే 74 కిలోల తడి సున్నం అవుతుంది. వ్యాసంలో 100 కిలోల రాతికి 74 కిలోల పొడి సున్నం వస్తుందని ఉంటే, రెండు పదార్థాలను కలిపివేశారని పదవ తరగతి విద్యార్థి కూడా పట్టుకోగలడు.

సమగ్రత విషయంలో భద్రత ముఖ్యమైనది. పొడి సున్నం నీటితో కలిసినపుడు తీవ్రమైన వేడి పుడుతుంది. అది కంటిలో పడితే చూపు పోయే ప్రమాదమున్నది. తయారీ, ఉపయోగాలు చెప్పి ఈ ఒక్క వాక్యం విడిచిపెట్టిన వ్యాసాన్ని సమగ్రమనలేము.

పల్నాడు శిలల వయసు విషయంలో భూగర్భ శాస్త్రవేత్తలలో ఏకాభిప్రాయం లేదు. అందుచేత ఒకే అంకెను నిర్ధారణగా వ్రాయరాదు. పిడుగురాళ్ళ గుంటూరు జిల్లాలో ఉన్నదన్న వాక్యం 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడడంతో పాతబడినది. శాస్త్ర వ్యాసమైనా ఇటువంటి వివరాలను సరిచూడవలసి ఉంటుంది.

అనువాద సమస్యలు

తెలుగులోని శాస్త్ర వ్యాసాలలో ఆంగ్లం నుండి అనువదించినవి అనేకం. ఆంగ్లంలో "లైమ్" అన్న మాటకు సున్నమనీ, నిమ్మజాతి పండనీ రెండర్థాలున్నాయి. యంత్రానువాదాన్ని సరిచూడకుండా చేర్చితే బట్టీలో నిమ్మకాయలు కాల్చినట్లు వాక్యం తయారు కావచ్చును. ఇటువంటి తప్పు వెంటనే కంటబడుతుంది. పొడి సున్నం, తడి సున్నం తారుమారైతే వాక్యం సాఫీగానే ఉంటుంది కనుక తప్పు చాలాకాలం నిలిచిపోవచ్చును.

సమీక్ష జరిగే విధానం

ప్రతి వ్యాసానికి ఒక చర్చా పేజీ ఉంటుంది. సందేహాలు, సూచనలు అక్కడ వ్రాయాలి. ఎవరు, ఎప్పుడు, ఏమి మార్చారో పేజీ చరిత్రలో నమోదై ఉంటుంది. మూలాలు లేని వ్యాసాలకు, శుద్ధి చేయవలసిన వ్యాసాలకు తగిన మూసలు తగిలిస్తారు. మరీ చిన్న వ్యాసాలను మొలకలుగా గుర్తిస్తారు.

పరిమితులు

శాస్త్ర విషయాలు తెలిసి, తెలుగులో వ్రాసే ఓపిక ఉన్న సమీక్షకులు తక్కువ. మూసలు తగిలించినంత వేగంగా సవరణలు జరుగవు. వ్యాసంలోని తప్పు ఇతర వెబ్‌సైట్లకు, పుస్తకాలకు ప్రాకి, తరువాత అవే మూలాలుగా తిరిగి వ్యాసంలో చేరే ప్రమాదం ఉన్నది. అందుచేత మూలం వ్యాసం కంటే ముందే వెలువడినదా అని తేదీ చూడడం అవసరం.

మౌలిక పరిశోధనకు తావులేదన్న నియమం వలన, బట్టీలో పనిచేసేవారి అనుభవాన్ని ప్రచురిత ఆధారం లేకుండా వ్యాసంలో చేర్చడానికి వీలులేదు. అయితే ఫలానా వాక్యం సందేహాస్పదమని చర్చా పేజీలో తెలియజేయడానికి ఎవరికైనా అవకాశమున్నది. దానిని బట్టి మరొకరు ఆధారం వెదకి వ్యాసాన్ని సవరించవచ్చును.

ఇవి కూడా చూడండి

* విజ్ఞాన సర్వస్వం
* కొమర్రాజు లక్ష్మణరావు
* సున్నపురాయి
* పల్నాడు జిల్లా

వర్గాలు: తెలుగు వికీపీడియా, విజ్ఞాన సర్వస్వాలు