వివాహ వ్యయం – చదివింపుల పద్దు: ఒక చారిత్రక పరిశీలన

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అనే సామెత గృహనిర్మాణాన్నీ వివాహాన్నీ ఒకే త్రాసులో తూచింది. రెండూ కుటుంబం కూడబెట్టిన ధనాన్ని ఒక్కసారిగా హరించే కార్యాలే. అయితే ఇల్లు కట్టేవాడు స్తోమతను బట్టి ఒక గది తగ్గించుకోగలడు. పెళ్ళి చేసేవాడికి ఆ వెసులుబాటు తక్కువ. ఈ భేదానికి కారణం కుటుంబ యజమాని అవివేకం కాదనీ, బంధువర్గం పరస్పరం మోసే బాధ్యత అనీ ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆధునిక తెలుగు సాహిత్యం వివాహ ధనాన్ని ప్రధానంగా శుల్కరూపంలో చర్చించింది. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై, 1897లో ముద్రితమైన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. విజయనగర మహారాజు విశాఖపట్నం మండలంలోని బ్రాహ్మణ కుటుంబాల శుల్క వివాహాలకు పట్టిక తయారుచేయించిన విషయాన్ని గురజాడ పీఠికలో పేర్కొన్నారు. మూడేళ్ళలో నమోదైన అటువంటి వివాహాలు 1,034. తరువాతి తరంలో కాళ్ళకూరి నారాయణరావు (1871–1927) ‘వరవిక్రయం’లో సమస్య తలక్రిందులైంది. అమ్ముడుపోయేది కన్య కాదు, వరుడు. కాళింది ప్రాణత్యాగం చేయగా, ఆమె చెల్లెలు కమల కొన్న వరుడు కొన్నవారికే చెందుతాడన్న తర్కంతో వరపక్షాన్ని నిలదీస్తుంది. ధనప్రవాహపు దిశ మారినా, రెండు నాటకాల దృష్టీ ఒక ఇంటినుండి మరొక ఇంటికి చేరే సొమ్ముపైనే నిలిచింది.

వివాహ వ్యయంలో రెండవ భాగం వేడుక. పందిరి, మేళతాళాలు, ఊరేగింపు, విందులు, బంధువులకు పెట్టే బట్టలు దీని అంగాలు. ఆచారం పాటించిన కుటుంబాలలో పెళ్ళి అయిదు రోజులు సాగేది. ‘ఆకాశమంత పందిరి, భూదేవంత అరుగు’ అనే పలుకుబడి ఈ వైభవాన్ని ఆదర్శంగా నిలిపింది. ఈ వ్యయం కేవలం ఆడంబరమైతే హితబోధతో తగ్గి ఉండేది. దీని వెనుక ఒక లెక్క ఉంది. ఆ లెక్కకు ఆధారం చదివింపుల పుస్తకం.

చదివింపుల సమయంలో ఒకరు పుస్తకం పట్టుకొని కూర్చుంటారు. ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం పదిమందీ వినేలా చదివి పద్దు వ్రాస్తారు. నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు అనే సంఖ్యలు ఈ సంప్రదాయంలోనివే. ఆ పుస్తకం ఇంట భద్రంగా ఉంటుంది. ఇచ్చినవారి ఇంట శుభకార్యం వచ్చినప్పుడు దానిని తిరగవేసి, అంతకు తక్కువ కాకుండా చదివిస్తారు. ఈ దృష్టితో చూస్తే చదివింపులు వడ్డీలేని పరస్పర సహాయనిధి వంటివి. ఒక కుటుంబపు భారాన్ని పలు కుటుంబాలు కొంత పంచుకొంటాయి. కాని ఆ సహాయమే బంధనం కూడా. పది ఇళ్ళలో భోజనం చేసినవాడు ఆ పది ఇళ్ళనూ పిలవకుండా ఉండలేడు. ఒంటరిగా ఖర్చు తగ్గించుకోవడం పొదుపుగా కాక బాకీ ఎగవేతగా కనిపిస్తుంది.

కనుకనే వ్యయానికి హద్దు గీయాలంటే సమూహం కలిసిరావాలి. తెలుగు ప్రాంతానికి వెలుపల ఈ సూత్రాన్ని గుర్తించిన ఉదాహరణ రాజపుతానాలో కనిపిస్తుంది. గవర్నర్ జనరల్ ఏజెంటు వాల్టర్ పేరిట 1888లో ఏర్పడిన రాజపుత్ర హితకారిణీ సభ వివాహాలకు, మరణానంతర కర్మలకు ఆదాయాన్ని బట్టి వ్యయపరిమితులు నిర్ణయించింది. వరునికి 18, వధువుకు 14 ఏళ్ళ కనీస వయస్సును కూడా నిర్దేశించింది. అక్కడ నియమం వ్యక్తికి కాక వర్గమంతటికీ వర్తించింది.

తెలుగునాట త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) మార్గం వేరు. ఆయన ‘వివాహవిధి’ని తెలుగులో రచించి, దానిని అనుసరించి స్వయంగా వివాహాలు జరిపించారు. ఆయన ప్రధాన లక్ష్యం పౌరోహిత్యాధిపత్య నిరాకరణ. అయినా క్రతువు సంక్షిప్తమైనప్పుడు దానిని ఆశ్రయించిన ఖర్చూ తగ్గే అవకాశం ఏర్పడుతుంది.

స్వాతంత్ర్యానంతరం చట్టం తిరిగి శుల్కంపైనే దృష్టి నిలిపింది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది. కేంద్ర చట్టం 1961లో వచ్చింది. 1984 సవరణ అడగకుండా ఇచ్చే కానుకలను అనుమతిస్తూ, వధువు పక్షంవారు ఇచ్చేవి ఆచారానుగుణంగా ఉండాలనీ, వాటి విలువ ఇచ్చేవారి ఆర్థికస్థితికి మించరాదనీ షరతు పెట్టింది. 1985 నియమాల ప్రకారం కానుకల వివరం, ఉజ్జాయింపు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం వ్రాతపూర్వకంగా నమోదు కావాలి. ఇది రూపంలో చదివింపుల పద్దును పోలి ఉంది. ప్రయోజనంలో మాత్రం భిన్నం. చట్టపు పట్టిక సాక్ష్యం కోసం, ఊరి పుస్తకం తిరిగి చెల్లించడం కోసం. పైగా ఈ చట్టపు పట్టికలో కానుకలకు చోటుంది గాని, పందిరికీ పంక్తికీ అయిన ఖర్చుకు లేదు.

స్తోమతకు మించరాదన్న ప్రమాణాన్ని చట్టం కానుకలకు వర్తింపజేసింది. వేడుకకు ఆ ప్రమాణాన్ని నిర్ణయించవలసింది సమాజమే. ఉభయపక్షాలూ బంధువులూ ముందుగా కూర్చుని హద్దు ఒప్పుకొన్నప్పుడు ఖర్చు తగ్గించిన కుటుంబం తలవంచుకోవలసిన పని ఉండదు. ఆ ఒప్పుకోలు లేనిచోట మితవ్యయం సుభాషితంగానే మిగులుతుంది, అప్పు మాత్రం ఆడపిల్ల తండ్రి పేర వ్రాయబడుతుంది.