పాయింట్ల కోసం కాదు.. ప్రాణం కోసం! కొరియా పాత యుద్ధవిద్య ‘తెక్యన్’ కథేంటి?

తైక్వాండో అనగానే ఒలింపిక్స్ మ్యాటే గుర్తొస్తుంది. బాడీకి కిక్ తగిలితే 2 పాయింట్లు, తలకు తగిలితే 3. ముఖం మీద పంచ్ కొట్టకూడదు, నడుము కింద తన్నకూడదు. మ్యాట్ మీద ఓకే.. మరి రోడ్డు మీద ఎవడో కాలర్ పట్టుకుంటే? వాడికి రూల్స్ ఉండవు కదా! అందుకే దక్షిణ కొరియాలో కొందరు గురువులు అంతకంటే పాతదైన తెక్యన్‌ను ఆత్మరక్షణ విద్యగా మళ్లీ నేర్పుతున్నారు.

తైక్వాండో అనే పేరు వచ్చింది 1955లో. తెక్యన్ మాత్రం జోసన్ రాజుల కాలం నాటిది. 1846లో యు సుక్ గీసిన చిత్రంలో కుస్తీతో పాటు ఇదీ కనిపిస్తుంది. జపాన్ పాలనలో (1910-45) దాదాపు కనుమరుగైంది. పాతతరం నుంచి చివరకు మిగిలిన గురువు సియోల్‌కు చెందిన సాంగ్ డియోక్-గి (1893-1987). ఆయన దగ్గర నేర్చుకున్న షిన్ హాన్-సంగ్ దాన్ని ఓ పద్ధతిగా సర్దారు. 1983లో ప్రభుత్వ గుర్తింపు దక్కింది. 2011లో యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరింది. గురుశిష్యులిద్దరూ 1987లోనే కన్నుమూశారు.

ఆటగా చూస్తే.. ప్రత్యర్థిని కింద పడేస్తే గెలుపు, తలకు కాలు తగిలించినా గెలుపే. కానీ గాయం కాకుండా నెట్టినట్టు తన్నాలి. అడుగులు త్రికోణంలో ఊగుతూ పడతాయి. అందుకే కొత్తగా చూసినవాళ్లకు డ్యాన్స్‌లా అనిపిస్తుంది!

‘యెత్‌బప్’ వేరు. అంటే పాత పద్ధతి. బొటనవేలు, చూపుడువేలు మధ్య భాగంతో గొంతును నెట్టడం, మోకాలి కింది ఎముకపై తన్నడం లాంటివి ఇందులో ఉంటాయి. ఇవి ఆటకు పనికిరావు. ఇప్పుడు బతికించాలని చూస్తున్నది వీటినే.

అయితే ‘స్పోర్ట్ వల్లే పాడైపోయింది’ అనే మాటలో సగమే నిజం. పేటల మధ్య పోటీగా ఆడుకోవడం తెక్యన్‌లో పాతకాలం నుంచే ఉంది. దెబ్బ తగలకుండా తన్నడమూ అక్కడి అలవాటే. అసలు చిక్కు వేరే ఉంది. ఈ విద్య ప్రధానంగా ఒక్క పెద్దాయన జ్ఞాపకం మీద నిలబడింది. దీంతో ఏది అసలైనదన్న విషయంలో సంఘాల మధ్య గొడవ ఇంకా తెగలేదు.

ఇంకో మాట. గొంతు మీద దెబ్బను పార్ట్‌నర్‌పై పూర్తి బలంతో ప్రాక్టీస్ చేయలేం. ఆటగాడు అలా కాదు.. ఎదురుతిరిగే మనిషిని రోజూ నిజంగానే తన్నుతాడు, తన్నించుకుంటాడు. కాబట్టి ‘ప్రమాదకరమైన టెక్నిక్’ అని పేరున్నంత మాత్రాన అది రోడ్డు మీద పనిచేస్తుందని నమ్మలేం. తెక్యన్ అయినా, మన వీధిలోని సెల్ఫ్ డిఫెన్స్ క్లాస్ అయినా చేరేముందు ఒక్కటి గమనించండి.. అక్కడ పార్ట్‌నర్ నిజంగా అడ్డుకుంటున్నాడా, లేక చెప్పినప్పుడల్లా పడిపోతున్నాడా?