సమస్థితి: ఒంటిలోని నీరు, ఉప్పుల చరిత్ర

బయట ఎండ, చలి, కరువు ఏది ఉన్నా జీవి తన లోపలి వేడిని, నీటిని, లవణాలను, చక్కెరను కొన్ని హద్దుల మధ్య నిలుపుకోవడాన్ని సమస్థితి అంటారు. హోమియోస్టాసిస్ అనే పేరు కూడా వాడుకలో ఉంది. బతికున్నంతసేపూ జీవి శక్తిని ఖర్చుపెడుతూ ఈ పని చేస్తూనే ఉండాలి. మనిషి మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అందులో ఒకటిన్నర లీటరును మూత్రంగా వదిలి, మిగిలినదంతా మళ్ళీ రక్తంలోకి పంపుతాయి. రక్తంలో సోడియం లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌ల మధ్య నిలిచేది ఈ శ్రమ వల్లనే. నీరు, ఉప్పుల నియంత్రణ ఎలా తెలిసివచ్చిందన్నదే ఈ వ్యాసంలో ముఖ్యాంశం. అది చాలావరకు నియంత్రణ తప్పిన రోగుల మంచాల పక్కనే తెలిసింది.

అయితే ఒంటి వేడి నిలకడపై ఆరోగ్యవంతుల్లో జరిగిన తొలి పరీక్షల్లో ఒకటి 1774లో లండన్‌లో జరిగింది. వైద్యులు జార్జ్ ఫోర్డైస్, చార్లెస్ బ్లాగ్డెన్, వారి మిత్రులు మరిగే నీటికన్నా ఎక్కువ వేడెక్కించిన గదిలోకి వెళ్ళి కొన్ని నిమిషాలు గడిపారు. ఆ గదిలో ఉంచిన గుడ్లు గట్టిపడ్డాయి, మాంసం ఉడికిపోయింది. మనుషుల ఒంటి వేడి మాత్రం దాదాపు ఎప్పటిలాగే ఉంది. ఈ లోపలి నిలకడను సిద్ధాంతంగా మలచినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్. కణాలు నిజంగా బతికేది తమను తడుపుతున్న ద్రవంలోనని, ఆ లోపలి వాతావరణం నిలకడగా ఉంటేనే జీవి బయటి ప్రపంచంలో స్వేచ్ఛగా తిరగగలదని ఆయన వాదించాడు. ఈ ఆలోచన పూర్తి రూపం పొందిన ఉపన్యాసాలు ఆయన చనిపోయిన 1878లో అచ్చయ్యాయి. హోమియోస్టాసిస్ అన్న పేరు పెట్టింది హార్వర్డ్‌లో పనిచేసిన వాల్టర్ కానన్, 1926లో. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి షాక్‌లోకి జారిపోతున్న సైనికులను ఫ్రాన్స్‌లో దగ్గరగా చూసిన అనుభవం ఆయనది. 1932లో వెలువడిన ఆయన పుస్తకం ‘ది విజ్డమ్ ఆఫ్ ది బాడీ’ ఈ భావనను సామాన్య పాఠకుల దగ్గరికి చేర్చింది.

ఈ నియంత్రణకు కాపలా ఎక్కడుందో 1940లలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెర్నీ కనిపెట్టాడు. కుక్కల మెడ ధమనిలోకి గాఢమైన ఉప్పునీరు ఎక్కిస్తే కాసేపటికే మూత్రం తగ్గిపోయింది. రక్తం గాఢత ఒకటి రెండు శాతం పెరిగినా మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుందని, వెంటనే వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలై మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయని ఇప్పుడు తెలుసు. దాహం వేయడం కూడా ఇదే ఏర్పాటులో భాగం.

మెదడు లేని జీవులూ ఈ పని చేస్తాయి. మంచినీటిలోని పారమీషియం, లోపలికి ఊరుతూనే ఉండే నీటిని సంకోచ రిక్తికతో ఎప్పటికప్పుడు బయటికి తోడుతుంది. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవిలోని అవిసీనియా చెట్లు అదనపు ఉప్పును ఆకుల మీదికి నెట్టేస్తాయి. కోస్తా ఆంధ్ర చెరువుల్లో పెరిగే వెనామీ రొయ్య 0.5 నుంచి 45 పీపీటీ (నీటిలో వెయ్యికి ఇన్ని వంతుల ఉప్పు) దాకా ఉప్పదనాన్ని తట్టుకోగలదు. కానీ ఆ ఓర్పు ఊరికే రాదు. నీరు మరీ చప్పబడితే మొప్పల ద్వారా లవణాలను లోపలికి లాగడానికే దాని శక్తి ఖర్చవుతుంది. బోరు నీటి చెరువుల్లో పొటాషియం, మెగ్నీషియం తక్కువైతే గుల్ల విడిచే సమయంలో రొయ్యలు చనిపోతాయి. రైతులు మినరల్స్ చల్లేది అందుకే.

మనిషిలో ఈ నియంత్రణ ఎంత వేగంగా కూలిపోగలదో చూపిన జబ్బు కలరా. తెలుగునాట దాన్ని గత్తర అన్నారు. 1817లో బెంగాల్ నుంచి బయలుదేరి దేశదేశాలకు పాకింది. తీవ్రమైన కేసుల్లో గంటకు లీటరు దాకా నీరు భేదులుగా పోతుంది. కళ్ళు గుంటలు పడి, నాడి అందక, ఉదయం బాగున్న మనిషి సాయంత్రానికి చనిపోవచ్చు. అది ఇంగ్లండ్ చేరినప్పుడు, 1831–32లో, 22 ఏళ్ళ ఐరిష్ వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరు, లవణాలు తరిగిపోయాయని తేల్చాడు. ఆ మాట విని 1832 మే నెలలో స్కాట్లండ్‌లోని లీత్‌లో వైద్యుడు థామస్ లాట్టా రోగుల సిరల్లోకి ఉప్పునీరు ఎక్కించాడు. చావు అంచున ఉన్న వృద్ధురాలు లేచి మాట్లాడింది. అయితే భేదులు మళ్ళీ మొదలై కొన్ని గంటల్లో ఆమె చనిపోయింది. నీరు పోతున్నంతసేపూ నింపుతూనే ఉండాలన్న సంగతి అప్పటికి ఎవరికీ రూఢిగా తెలియదు. మరుసటి ఏడాది లాట్టా మరణించాడు, ఆ పద్ధతి మూలపడింది. వైద్య చరిత్రలో ఇంతకన్నా బాధాకరమైన మరుపు అరుదు.

మిగిలిన చిక్కుముడి విడిపోవడానికి నూటపాతికేళ్ళకు పైగా పట్టింది. కలకత్తాలో వైద్య పరిశోధకుడు శంభునాథ్ దే కలరా క్రిములను వడగట్టి తీసేసిన ద్రవాన్ని కుందేలు పేగులోకి ఎక్కించి చూశాడు. క్రిమి ఒక్కటీ లేకపోయినా పేగు నీటితో ఉబ్బింది. జబ్బు తెచ్చేది క్రిమి విడిచే విషమని 1959లో ‘నేచర్’ పత్రికలో ఆయన ప్రకటించాడు. ఆ విషం పేగు గోడను తెగ్గొట్టదు. కణాల చేత లవణాలను, వాటి వెంట నీటిని పేగులోకి వదిలిస్తుంది. 1960లో ప్రేగ్ సమావేశంలో జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్, పేగు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు సోడియాన్ని కూడా దానితోపాటే తీసుకుంటాయని ప్రతిపాదించాడు. ఈ దారిని కలరా విషం మూయలేదు. ఉప్పుకు తగుపాళ్ళలో గ్లూకోజు కలిపి తాగిస్తే, భేదులు సాగుతున్నా శరీరం నీటిని తిరిగి పీల్చుకుంటుంది. 1968లో ఢాకాలో వైద్యులు డేవిడ్ నలిన్, రిచర్డ్ కాష్ రోగులపై దీన్ని రుజువు చేశారు.

ఇది ఆసుపత్రి గోడలు దాటింది 1971లో, బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో. సెలైన్ సీసాలు నిండుకుంటుంటే వైద్యుడు దిలీప్ మహాలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడియం బైకార్బొనేట్ చొప్పున కలిపించి, రోగుల బంధువుల చేతే తాగించాడు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. చదువుకున్న నర్సు చేయాల్సిన పనిని బంధువులు చేసి చూపారు. నా దృష్టిలో మహాలనబిస్ సాధించిన అసలు విజయం అది. ఆయనకు పద్మవిభూషణ్ 2023లో, మరణానంతరం వచ్చింది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, నోటి ద్వారా తాగించే ఈ ఉప్పు, గ్లూకోజు ద్రావణమైన ఓఆర్ఎస్‌లో సోడియాన్ని లీటరుకు 90 నుంచి 75 మిల్లీమోల్‌లకు తగ్గించింది. పలచని ద్రావణంతో పిల్లల్లో భేదులు, వాంతులు ఇంకా తగ్గాయి.

లెక్క ఎటు తప్పినా ప్రమాదమే. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం పడిపోయింది; పరుగులో ఒంటి బరువు పెరిగేటంతగా నీరు తాగడం అందుకు ముఖ్య కారణం. వడదెబ్బలో తప్పేది వేడి నియంత్రణ. లోపలి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటి మనిషి స్పృహ తప్పుతాడు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు కాబట్టి కోస్తాలో కాస్త తక్కువ ఎండ కూడా ప్రాణాంతకమే. 2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు 2,000 మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే.

మూత్రపిండాలే చెడిపోతే ఓఆర్ఎస్‌కు దొరికినటువంటి దారి మిగలదు. పొటాషియం పేరుకుని గుండె లయ తప్పుతుంది, నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. 1943లో నెదర్లాండ్స్‌లో వైద్యుడు విలెం కోల్ఫ్ తయారుచేసిన డయాలిసిస్ యంత్రం మూత్రపిండాల పనిని కొంతవరకు బయటినుంచి చేస్తుంది. అవి రాత్రింబవళ్ళు చేసే పనికి బదులు సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున యంత్రానికి కట్టుబడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఊళ్ళకు ఊళ్ళను పట్టుకుంది. దీనికి మామూలు కారణమైన మధుమేహం అక్కడి చాలామంది రోగులకు లేదు. కారణం ఇదీ అని పరిశోధకులు ఇప్పటికీ ఒక మాట మీదికి రాలేదు. 2023 డిసెంబరులో అదే ప్రాంతంలోని పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది.