సప్తసాగర యాత్ర: గౌతమీ తీరాన పాదచారుల మార్గం

తౄ ధాతువు నుండి పుట్టిన తీర్థ శబ్దానికి ప్రథమార్థం రేవు, అనగా దాటే చోటు. దాటవలెనంటే ముందు అక్కడికి నడచి చేరవలె. మహాభారతం ఆరణ్యపర్వంలో పులస్త్యుడు భీష్మునకు తీర్థమహిమను ఉపదేశిస్తూ, బహుద్రవ్యసాధ్యాలైన యజ్ఞాలు దరిద్రునకు అందవనీ, తీర్థాభిగమనం అతనికి యజ్ఞంతో సమానమనీ చెప్పాడు. చేతులూ మనస్సూ మాత్రమే గాక పాదాలు కూడా నియమంలో ఉన్నవానికే తీర్థఫలమని ఆ సందర్భంలోనే ఉన్నది. మత్స్యపురాణంలోని ప్రయాగ మాహాత్మ్యం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఐశ్వర్యగర్వంతో గాని మోహంతో గాని వాహనమెక్కి పోయేవాని యాత్ర నిష్ఫలమన్నది. రోగులకూ వృద్ధులకూ ఈ మాట వర్తించదని పెద్దల సమన్వయం. కాళ్లలో సత్తువ ఉండి కూడా నడవని వారికి ఏ సమన్వయమూ లేదు!

గోదావరీ మండలంలో ఈ పాదచార ధర్మానికి పరమోదాహరణం సప్తసాగర యాత్ర. గౌతమ మహర్షి గోహత్యాదోష నివృత్తికై అవతరింపజేసిన గోదావరి సముద్రాన్ని చేరే వేళ ఏడు పాయలయిందని సంప్రదాయం. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ అని వాటి నామాలు. వైనతేయ ప్రత్యక్షంగా ప్రవహిస్తున్నా ఈ సప్తకంలో చేరదు. పుష్య బహుళ అమావాస్య నాడు చొల్లంగిలో తుల్యభాగా సంగమ స్నానంతో యాత్ర ఆరంభమవుతుంది. పిమ్మట కోరంగి, తీర్థాలమొండి మొదలైన సంగమస్థానాలలో స్నానాదులు చేసుకుంటూ సాగి, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేదిలో లక్ష్మీనృసింహస్వామి సన్నిధిని ముగుస్తుంది. సంతానార్థులైన దంపతులు ఈ యాత్రను విశేషంగా ఆచరించేవారు.

ఈ కాలనిర్ణయంలో పూర్వుల లోకజ్ఞత కనిపిస్తుంది. ఆషాఢం నుండి ఆశ్వయుజం దాకా గోదావరికి వరదకాలం. పుష్య మాసానికి పాయలు తగ్గి, సార్వా పంట ఇంటికి చేరి, తడి ఆరిన పొలాలలో కాలిదారులు పడతాయి. గృహస్థునకు తీరిక, నదికి శాంతం, దారికి గట్టిదనం మూడూ ఒక్కసారి సమకూరే పక్షమది. శాస్త్రమూ వ్యవసాయమూ ఒకే పంచాంగాన్ని అనుసరించిన కాలమది.

శ్రీనాథుని నాటికే సప్తగోదావర ప్రశస్తి తెలుగునాట స్థిరపడి ఉన్నది. ఆయన రచించిన భీమేశ్వర పురాణంలో కాశి నుండి వెడలిన వ్యాసుడు పిఠాపుర మార్గాన దక్షారామానికి వస్తాడు, అగస్త్యుడు తోడవుతాడు. శాపగ్రస్తుడైన మహర్షికి సైతం ఊరట లభించింది దీర్ఘపాదచారం పిమ్మటనే. నేటికీ ద్రాక్షారామంలోని పుష్కరిణికి సప్తగోదావరమనే పేరు.

దారి మాత్రం మారకుండా నిలువలేదు. రెండవ స్నానస్థానమైన కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే మహానౌకాశ్రయం. 1789 నాటి ఉప్పెనకు దెబ్బతిన్న ఆ రేవు 1839 నవంబరు తుపానుతో మరి కోలుకోలేదు. నది తెచ్చిన ఒండ్రు మీద మడ అడవి విస్తరించింది. ఆ అరణ్యాన్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చొల్లంగిని దాటి కోరంగికి నడిచే యాత్రికునకు నేడు కుడియెడమల కనిపించేది ఒకవైపు వరిచేలు, వేరొకవైపు మడచెట్లు. ఆ చెట్ల వేళ్ల సందున కొంగలు తపస్సు చేస్తుంటాయి.

అంతకన్న పెద్ద మార్పు ధవళేశ్వరం ఆనకట్టతో వచ్చింది. 1847లో ఆరంభమై 1852లో పూర్తయిన ఆ నిర్మాణంలో కాటన్ దొరకు వీణెం వీరన్న కుడిభుజంగా నిలిచాడు. కాలువలు అన్నం పెట్టాయి, అందుకు ఈ సీమ ఋణపడి ఉన్నది. అయితే ప్రాచీనమైన చిన్న పాయలు క్రమంగా మురుగునీటి మార్గాలయినాయి. తుల్యభాగ, కౌశిక నామాలు నేడు జలవనరుల శాఖ లెక్కలలో డ్రెయిన్లుగా నమోదై ఉన్నాయి. సంకల్పంలో నదిగా స్మరించే నీటినే కాగితం మీద మురుగు అని వ్రాయడం విచారకరమే. ఇక యాత్ర బస్సులకూ కార్లకూ ఎక్కింది. పన్నెండు తిథుల దీక్ష కొందరికి ఒక్క పగటి పనిగా కుదించుకుపోయింది.

కౌశికను నదిగా భావించే ఆచారం పూర్తిగా పోలేదు. కనుమ నాడు అంబాజీపేట వద్ద జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు సమావేశమవుతాయి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను భుజాలపై మోస్తూ వరిచేల మీదుగా నడిచి, కౌశిక నీటిలోనికి దిగి దాటిస్తారు. పైరు తొక్కుడుపడినా రైతు నొచ్చుకోడు, రుద్రుడు తన చేనిలో నడిచాడని మురుస్తాడు.

గౌతమీ వసిష్ఠల నడుమ కోనసీమకు ముఖద్వారమైన రావులపాలెంలో నడక మరొక రూపంలో బలపడింది. ఆత్రేయపురం మండలంలోని వాడపల్లి క్షేత్రంలో రక్తచందన దారుమూర్తియైన వేంకటేశ్వరస్వామి గౌతమీ తీరాన వెలసి ఉన్నాడు. ఏడు శనివారాలు, ప్రతి వారమూ ఏడు ప్రదక్షిణలు అక్కడి వ్రతం. శనివారం తెల్లవారకముందే రావులపాలెం నుండి గోవింద నామంతో నడిచేవారు కనిపిస్తారు. ఉద్యోగులు, విద్యార్థులు, కూలిపనికి పోవలసిన స్త్రీలు, చంకన బిడ్డతో తల్లులు అందరూ ఆ వరుసలో ఉంటారు. కొబ్బరితోటల నడుమ, కాలువగట్ల వెంట సాగే ఈ దారి సప్తసాగర మార్గంతో పోల్చితే చాలా చిన్నది. అయినా ఏడు వారాలు విడువక నడిచినవానికి నియమం అలవడుతుంది, దూరమంటే జంకు పోతుంది. అట్టివారు నలుగురు కూడి రాబోయే చొల్లంగి అమావాస్యకు సంకల్పం చెప్పుకుంటే అంతర్వేది అందనిది కాదు. వారు వారంవారం అడుగుపెట్టే ఆత్రేయపురం పేరులోనే ఏడు పాయలలో ఒకదాని నామం ఉన్నది. ఆ పాయ సంగమస్థానం కోరంగి.