మెదకు గాజుచిత్రములు

నూజివీటి మామిడితోపులలో లేజిగుళ్లను సూర్యుని కెదురుగా జూచినవారికి, వెలుగు తమలోనుండి ప్రసరించినప్పుడు వర్ణములు జ్వలించుట విదితమే. రంగుగాజు చిత్రకళకు మూలమిదియే. గాజు కరగించునప్పుడు లోహభస్మములు చేర్చిన నది రంగు దాల్చును. కోబాల్టు భస్మమువలన నీలవర్ణము గలుగును. అట్టి తునుకలను సీసపుబద్దెలతో గూర్చి కిటికీలలో జిత్రములుగా నిలుపుదురు.

మన తెలుగునేలలో నీ కళను మెదకు క్రైస్తవదేవాలయమున జూడవచ్చును. అందలి మూడు గవాక్షములును లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రచనలు. ఈతడు బాల్యముననే తన యన్నగారి గాజుకర్మాగారమున శిష్యుడై పని నేర్చెను. క్రీస్తు ఆరోహణచిత్రము 1927లోను, జననచిత్రము 1947లోను, సిలువచిత్రము 1958లోను నెలకొనెను. పగటివేళ లోపలినుండి చూచినప్పుడే యవి శోభించును. ప్రొద్దు గ్రుంకినచో వాని యందము మఱుగగును.

ఆ కిటికీలను మోయు గోడల కథ వేఱు. కరవుకాలమున, చార్లెస్ పాస్నెట్ అను ఆంగ్ల మతప్రచారకుడు ఆకొన్నవారికి బిచ్చము పెట్టక, 1914లో నీ యాలయనిర్మాణ మారంభించి, పనికి బ్రతిఫలముగా నన్నము పెట్టెను. 1924 డిసెంబరు 25న నాలయము ప్రతిష్ఠితమయ్యెను.

హైదరాబాదున 1951లో దెఱవబడిన సాలార్‌జంగు ప్రదర్శనశాలలో గాజుపాత్రలును, దంతపుపనులును బీరువాలలో నున్నవి. అచట వస్తువు తన తావు విడిచి వచ్చినది. మెదకున దన తావుననే యున్నది. కావున చిత్రముతోపాటు గోడయు, గోడతోపాటు కూలివాడును జ్ఞప్తికి రావలెను. సాలిస్‌బరీ పేరెఱుగుదుము, రాళ్లు మోసినవారిలో నొక్కని పేరైన నెఱుగుదుమా? తలిదండ్రులు బిడ్డల నచటికి గొనిపోయినప్పుడు ఈ ప్రశ్నయు నడుగ నేర్పుదురు గాక.