పుట్టగొడుగు పగడమునకు ఎంత వెలుతురు కావలెను?

విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండపై నిలిచి చూచినచో, ఒడ్డుదగ్గర మట్టిపచ్చగా ఉన్న నీరు దూరము పోనుపోను నీలమగుట కనబడును. ఈ ఊరిలోనే సి. వి. రామన్ బాల్యము గడచినది. ఆయన తండ్రి 1892లో ఇచటి ఏ. వి. ఎన్. కళాశాలలో ఉపన్యాసకులుగా చేరిరి. సముద్రపు నీలము ఆకాశపు ప్రతిబింబమేనని లార్డ్ రేలీ చెప్పియుండెను. 1921లో ఓడపై మధ్యధరా సముద్రమును దాటుచు రామన్ ఒక నికల్ పట్టకముతో నీటిపై పరావర్తనమును తొలగించి చూచెను. నీలము తగ్గలేదు సరికదా, మరింత చిక్కనైనది! నీటి అణువులే కాంతిని పరిక్షేపించుచున్నవని ఆయన తేల్చెను. ఇదిగాక, నీరు ఎఱ్ఱని కాంతిని త్వరగా మ్రింగివేయును. స్వచ్ఛమైన సముద్రములో పది మీటర్ల లోతునకు చేరునది చాలవరకు నీలి వెలుతురే.

ఉక్కునగరములోని మా విద్యార్థి యొకడు ఇంట ఉప్పునీటి గాజుతొట్టిలో పుట్టగొడుగు పగడములను పెంచుచున్నాడు. డిస్కోసోమా, రోడాక్టిస్ అనునవి ఈ జాతులు. రాతిని అంటుకొని చిన్న పళ్లెములవలె విచ్చుకొనును. రాతి పగడములకు దగ్గర బంధువులే గాని వీనికి సున్నపు అస్థిపంజరము లేదు. ఎండ ఎంత తగిలిన అంత మంచిదని తలచి, అతడు వీనిని ప్రకాశవంతమైన దీపమునకు సరిగా క్రిందనే ఉంచెను. పది దినములలో అవి ముడుచుకొని తెల్లబారినవి.

అసలు జంతువునకు వెలుతురుతో పని యేమి? కొన్ని సముద్రజీవుల శరీరములోని పసుపు కణములు ఆ జంతువులవి కావనియు, లోపల కాపురమున్న నాచులనియు 1881లో కార్ల్ బ్రాంట్ గుర్తించి, వానికి జూజాంథెల్లా అని పేరు పెట్టెను. 1928-29లో యాంగ్ నాయకత్వమున ఆస్ట్రేలియా మహా పగడపు దిబ్బకు వెళ్లిన బృందము పగడములను చీకటిలో ఉంచగా, నాచులు పోయినను అవి బ్రతికియుండెను. కనుక నాచు పగడమునకు ఆహారమీయదని యాంగ్ భావించెను. ఆయన చూచినది తప్పు కాదు. దానికి చెప్పిన అర్థమే తప్పు. 1958లో మస్కాటిన్, హ్యాండ్ అనువారు రేడియోధార్మిక కార్బనును వాడి, సముద్రపు అనిమోనీలో నాచు తయారుచేసిన పదార్థము జంతువు కణజాలములోనికి పోవుచున్నట్లు చూపిరి. కిరణజన్యసంయోగక్రియ వంటిల్లు అయినచో, జంతువు ఆ యింటి యజమాని.

అయితే వంటింట మంట మితిమీరరాదు. కాంతి ఎక్కువైనపుడు నాచులో హానికరమైన ఆక్సిజన్ రూపములు పుట్టును. జంతువు నాచును బయటికి నెట్టివేయును. తెల్లబారుట అనగా ఇదే. మధ్యాహ్నపు పూర్తి ఎండలో చదరపు మీటరుపై సెకనుకు సుమారు 2,000 మైక్రోమోళ్ల ఫోటాన్లు పడును. పుట్టగొడుగు పగడములకు సాధారణముగా 50 నుండి 100 చాలును. రాళ్ల నీడలలో పెరుగుటకు అలవడిన జీవులవి.

పూర్వము వాడిన మెటల్ హేలైడ్ దీపముల వేడికి మన విశాఖ వేసవిలో తొట్టినీరు కాగిపోవును. 1990ల తొలినాళ్లలో నీలి ఎల్.ఇ.డి. సాధ్యమైనది, అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చినది ఇందుకే. లోతు నీటిలోని నీలమును ఇపుడు మీట నొక్కి తెచ్చుకొనవచ్చును, తగ్గించుకొనవచ్చును.

మా విద్యార్థి దీపమును తగ్గించి, పగడములను తొట్టి అడుగున రాతిచాటునకు మార్చెను. నాలుగు వారములకు వాని అంచులు మరల విచ్చుకొన్నవి. రెండింటికి మాత్రము ఇంకను రంగు రాలేదు.